కంటికి ఆనని చిల్లులు

వర్క్‌షాపు నుంచి
జూన్ నెల, సోమవారం

వదినగారికి,

పెళ్ళిలో పక్కపక్కన నిలబడి ఫొటోలు దిగడం తప్ప మనం తీరిగ్గా మాట్లాడుకున్నది లేదు. ఉన్నట్టుండి నా ఉత్తరం, అదీ మీ కాలేజీ చిరునామాకు వచ్చేసరికి కంగారు పడి ఉంటారు. మా అల్లుడి మీద ఫిర్యాదేమీ లేదు. మా అమ్మాయి మీద మీకేమైనా ఉంటే అది మరోసారి వింటాను. ఇప్పుడు మాత్రం నాకొక సాయం కావాలి.

ఫోన్ చేయొచ్చు కదా అంటారు. మెషీన్ నడుస్తుంటే ఇక్కడ చెవిలో అరిచినా వినపడదు. ఇంటికొచ్చాక చేద్దామంటే ఆ వేళకు మీ పక్కనే మా అమ్మాయి ఉంటుంది. ఈ సంగతి దానికి తెలియకూడదు. ఎందుకో చివర్లో చెబుతాను.

మేము ప్లాస్టిక్ ఫిల్ము మీద అచ్చు వేసి సంచులు చేస్తామని మీకు తెలుసు. ఫిల్ము మహా నున్నటిది. దాని మీద రంగు వేస్తే గోరుతో గీకినా ఊడొస్తుంది. అందుకని అచ్చుకు ముందు దాన్ని ట్రీటర్ కింద నుంచి నడుపుతాం. అసలు పేరు కరోనా ట్రీటర్, కానీ ఆ పేరు చెబితే ఈమధ్య జనం మూతికి గుడ్డ వెతుక్కుంటున్నారు. పైన పొడుగాటి ఇనప బార్, కింద తిరిగే రోలరు. మధ్యలో ఊదారంగు వెలుగు బుస్సుమంటూ ఉంటుంది. ఆ వెలుగు తగిలిన ఫిల్ము రంగు పట్టుకుందంటే వదలదు. షట్టరు దించి చీకటి చేసి ఆ వెలుగు చూడటమంటే నాకు ఎంత ఇష్టమో చెప్పలేను.

ఇప్పుడు ఆ వెలుగులోనే ఏదో తేడా వచ్చింది. అక్కడక్కడ చిట్లుతోంది. మా సంచుల్లో సగానికి పైగా ఉప్పాయన కొంటాడు. ఉప్పు వ్యాపారం కాబట్టి మేము పెట్టిన పేరు అది. మొన్న వానలకు ఆయన గోదాములో సంచుల్లోకి తేమ దిగి ఉప్పు గడ్డకట్టింది. ఒక సంచీ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "అమ్మా, నేను పోసింది ఉప్పు. షాపువాడికి చేరింది ఇటుక," అన్నాడు. ఖాళీ చేసి దీపానికి ఎదురుగా పట్టి చూస్తే కంటికి ఆనీ ఆననంత చిల్లులు.

మీ అన్నయ్యగారు రంగులు కలుపుతారు కదా, ఆయన పరిశోధన ఫలితం ఒకటే: ఇంకులో ఏం లేదు. ఇల్లు కూలినా ఆయన ముందు ఆ మాటే అంటారు.

ఉప్పాయన మంచివాడు, ఇంకొన్నాళ్ళు చూస్తానన్నాడు. ఆయన వేరే చోటికి పోతే మాత్రం మెషీన్ అమ్మేయడమే. అమ్మేయమని మా అమ్మాయి ఏడాదిగా పోరుతోంది. ఇది తెలిస్తే దాని వాదనకు సాక్ష్యం దొరికినట్టే. నాకీ పని కావాలి వదినగారూ. పొద్దున షట్టరు ఎత్తేటప్పుడు నాకు వచ్చే హుషారు ఇంకెక్కడా రాదు.

మీరు కరెంటు పాఠాలు చెబుతారు. ఆ వెలుగు ఎందుకు చిట్లుతోందో చెప్పండి.

మీ వియ్యపురాలు


కాలేజీ, ఫిజిక్స్ ల్యాబు
జూన్ నెల, శనివారం

వదినగారికి,

కవరు మీద మీ పేరు చూసి నిజంగానే హడలిపోయాను. పిల్లలిద్దరూ కొట్టుకుని నాకు తెలియకుండా మీకు చెప్పారేమో అనుకున్నాను. లోపల ట్రీటర్ కనబడేసరికి ప్రాణం లేచివచ్చింది. నా పాఠం కావాలని ఒక మనిషి స్వయంగా అడగడం నా ఉద్యోగంలో ఇదే మొదలు, కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

గాలి మామూలుగా కరెంటును పోనివ్వదు. కానీ ఏ గాలిలోనైనా దారితప్పిన ఎలక్ట్రాన్లు కొన్ని తిరుగుతూనే ఉంటాయి. పక్కన గట్టి వోల్టేజీ పెడితే అవి పరుగందుకుంటాయి. దారిలో గాలి అణువును గుద్ది అందులోంచి ఇంకో ఎలక్ట్రాన్‌ను ఊడగొడతాయి. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. పుకారు పాకినట్టు పాకుతుంది. అయితే ఈ లాగుడు బార్ అంచు దగ్గరే గట్టిగా ఉంటుంది. కాస్త దూరం పోతే పట్టు తగ్గి ఆ పరుగు చల్లారిపోతుంది. అప్పుడు అంచును అంటుకుని ఊదారంగు వెలుగు, సన్నటి బుసబుస. మీకు ఇష్టమైన ఆ వెలుగు ఇదే.

వోల్టేజీ పెంచండి. వెలుగుకు కుచ్చులు వస్తాయి, చీపురు పుల్లల్లా విడివిడిగా కదులుతాయి. ఇంకా పెంచితే ఒక కుచ్చు కొసన కరెంటు ఎంత పేరుకుంటుందంటే, ముందున్న గాలిని అదే చీల్చుకుంటూ పోయే బలం వస్తుంది. ఇక దానికి బార్ సాయం అక్కర్లేదు. అలా దారప్పోగులా సాగి అవతలి ఒడ్డు ముట్టుకుందా, కరెంటు మొత్తం ఆ ఒక్క దారిలోనే దూకుతుంది. గాలి కాలిపోయి ఫట్‌మంటుంది. అది నిప్పురవ్వ. మీ ఫిల్ముకు చిల్లు పెడుతున్నది అదే.

మందు తేలిక. అవతలి ఒడ్డును దూరం చేయండి. బార్‌ను పైకి లేపి రోలరుకూ దానికీ మధ్య సందు పెంచండి. ఖాళీ ఎక్కువైతే రవ్వ దూకలేదు. నా పిల్లలకు ప్రతి ఏడూ ల్యాబులో చూపించే సంగతే ఇది, సూదికీ దాని ఎదురుగా పెట్టిన ఇనప పళ్ళేనికీ మధ్య.

మీ అమ్మాయికి చెప్పను. ఒట్టు అడగకండి, పాఠాలు చెప్పేవాళ్ళం మాట మీదే నిలబడతాం.

మీ వదిన


వర్క్‌షాపు నుంచి
జూలై నెల, బుధవారం

గౌరవనీయులైన లెక్చరర్‌గారికి,

మీరు చెప్పినట్టే బార్ లేపాం. ముందు వెలుగే రాలేదు. పరీక్ష పెన్నుతో ఫిల్ము మీద గీస్తే ఆ గీత పరుచుకోకుండా పూసలు పూసలుగా చుట్టుకుపోయింది, అంటే రంగు పట్టదన్నమాట. అందుకని పవర్ పెంచాం. అప్పుడు వచ్చింది. పైనుంచి కిందకు జరీ పోగుల్లా మెరుపులు, చిటపట చిటపట. చూడటానికి రెండు కళ్ళూ చాల్లేదు. చదువుకున్నవాళ్ళు చెప్పారు కదా అని, ఫిల్మును అడుగున దీపం వెలిగే దీపం బల్ల మీద పరిచి చూడకుండానే అచ్చు వేసి లోడు పంపేశాను. ఆ తెలివి నాదే, అది మీ మీద వేయను.

లోడంతా వెనక్కి వచ్చింది. ఇప్పుడు పరిచి చూస్తే ఫిల్ము జల్లెడలా ఉంది. ఇంతకుముందు అక్కడొకటి ఇక్కడొకటి ఉండేవి, ఇప్పుడు ఎక్కడ చూసినా అవే. ఉప్పాయన ఈసారి కూర్చోలేదు. ఇంకొక్క లోడు చూస్తాను, అది కూడా ఇలాగే ఉంటే వేరే చోట చూసుకుంటానని నిలబడే చెప్పి వెళ్ళాడు. గట్టిగా అరిచినా బాగుండేది.

మీ మంచితనానికి కృతజ్ఞతలు. మీ పాఠం పుస్తకంలో సరైనదే అయి ఉంటుంది. మీ సూదీ మీ పళ్ళెమూ బాగుండాలని కోరుకుంటున్నాను.

ఇట్లు,
వర్క్‌షాపు యజమానురాలు


ఇంటి నుంచి
జూలై నెల, ఆదివారం

వదినగారికి,

మీరు నన్ను లెక్చరర్‌గారన్నారు. నా ఉద్యోగంలో ఆ మాట ఎప్పుడూ ఇంత గుచ్చుకోలేదు. ముందు నేరుగా చెప్పేస్తాను. నా సలహా తప్పు. మీ మెషీన్‌కు అది పూర్తిగా తప్పు. ఎందుకు తప్పో తెలిసింది, అది ఎలా తెలిసిందో చెప్పాక మీరు నన్ను తిట్టవచ్చు.

మీ ఉత్తరం అందాక ల్యాబులో సూదీ పళ్ళెమూ పెట్టి మళ్ళీ చూశాను. సందు పెంచితే రవ్వ ఆగింది, ఎప్పటిలాగే. నా దగ్గర ఆగేది మీ దగ్గర ఎందుకు పెరిగిందో అంతుబట్టలేదు. నిన్న భోజనాల బల్ల దగ్గర కూర్చుని మీ బార్, మీ రోలరు బొమ్మ గీస్తున్నాను. మంచినీళ్ళు తెచ్చిన మీ అమ్మాయి నా భుజం మీంచి తొంగి చూసింది.

"అత్తయ్యా, ఇది మా ట్రీటర్ కదా. రోలరుకు తొడుగు గీయలేదేం?"

ఏం తొడుగు అన్నాను. రబ్బరు తొడుగు అంది. రోలరంతా బొద్దుగా రబ్బరు వేసుకుని ఉంటుందట, ఇనుము అసలు కనబడనే కనబడదట. వదినగారూ, మీకది ఇంటికి పైకప్పు ఉన్నంత మామూలు కాబట్టి రాయలేదు. నేను అడగాల్సింది, అడగలేదు. నా పళ్ళేనికి తొడుగు లేదు కాబట్టి లోకంలో ఏ రోలరుకూ ఉండదనుకున్నాను. మనిద్దరం కలిసి ఎవరికైతే తెలియకూడదనుకున్నామో, రెండిళ్ళ సంగతీ తెలిసినది తనొక్కతే. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది మన పని.

ఇక దాచలేకపోయాను. మీ ఉత్తరాలు చూపించాను. ఇందులో మీకు కోపం వస్తే న్యాయమే. కానీ అది ఏమందో వినండి. "అమ్మ ఎప్పుడు ఫోన్ చేసినా అంతా బాగుందనే చెబుతుంది అత్తయ్యా. గొంతు మాత్రం అలిసిపోయి ఉంటుంది. ఏమీ చెప్పని మనిషికి నేను ఏం చెప్పను? అందుకే అమ్మేయమన్నాను." ఆ మాట అంటున్నప్పుడు దాని కళ్ళు తడిశాయి. నావీ తడిశాయి, దాచడం దేనికి.

ఈ పొద్దున కాలేజీ తాళం అడిగి ఇద్దరం ల్యాబుకు వెళ్ళాం. మా ఇంట్లో నడుంనొప్పికి పెట్టుకునే వేణ్ణీళ్ళ రబ్బరు సంచీ ఉంటే దాన్ని కత్తిరించి పళ్ళెం మీద పరిచాను. మీ అల్లుడు దాని కోసం ఇల్లంతా వెతుకుతున్నాడు, మీరు నోరు జారకండి. మీ మెషీన్‌లో లాగే అటూ ఇటూ కొట్టుకునే ఏసీ కరెంటు పెట్టాను. అంతా మారిపోయింది. పోగు వచ్చి రబ్బరును ముట్టుకోగానే, అక్కడ రబ్బరు మీద కరెంటు పేరుకుని ఆ పోగును అదే తుంచేస్తుంది. రవ్వ అయ్యేలోపే చచ్చిపోతుంది. పక్కన ఇంకోటి పుడుతుంది, అదీ చస్తుంది. ఇలా లెక్కలేనన్ని బుల్లి పోగులు అంతటా పుట్టి చస్తుంటే మన కంటికి ఒకే వెలుగులా కనబడుతుంది. సందు చిన్నదైతే పోగులు ఎక్కువ, ఒక్కోటీ బలహీనం. సందు పెంచితే పోగులు తక్కువ, ఒక్కోటీ బలమైనది. నేను మీ చేత చేయించింది అదే.

నేను మీటరు చూస్తూ కూర్చుంటే మీ అమ్మాయి కళ్ళు మూసుకుని విన్నది. ఇది మంచి శబ్దం, ఇది చెడ్డది అని చెబుతూ పోయింది. మీటరూ అదే మాట చెప్పింది. మెషీన్ పక్కన ఉయ్యాలలో పెరిగిన పిల్లట కదా.

ఇప్పుడు చేయాల్సింది. బార్‌ను వెనకటి చోటికే దించండి. పవర్ కూడా తగ్గించండి. తర్వాత, నేను సలహా ఇవ్వక ముందు నడిపిన ఫిల్ము ఏమైనా మిగిలి ఉంటే దీపం బల్ల మీద పరవండి. చిల్లులు ఎక్కడ పడితే అక్కడ ఉన్నాయా, లేక రోలరు ఒక చుట్టు తిరిగినంత దూరానికి ఒకటి చొప్పున ఒకే వరసలో ఉన్నాయా చూడండి. వరసలో ఉంటే తొడుగులో ఒకచోట జబ్బు ఉన్నట్టే. రబ్బరు పలచబడినచోట పోగును తుంచేవాళ్ళు ఉండరు. కరెంటంతా అటే ఎగబడుతుంది.

ఈసారి నన్ను నమ్మి పంపకండి. ముందు పరిచి చూసి పంపండి.

తప్పు చెప్పిన మీ వదిన


వర్క్‌షాపు నుంచి
జూలై నెల, శుక్రవారం

వదినగారికి,

ముందు కోపం సంగతి. మీ ఉత్తరం సగం చదివేసరికే ఒళ్ళు మండింది. మాట మీద నిలబడే పాఠాల మనిషి ఇంత తొందరగా కూర్చుండిపోయిందేమిటని మీ అన్నయ్యగారితో అన్నాను కూడా. మిగతా సగం చదివి మెషీన్ ఆపేశాను. అమ్మాయికి నా గొంతులో అలసట వినబడుతోందని నాకు తెలియదు. తల్లి కష్టం పిల్లలకు చెప్పకూడదని ఎవరో ఎప్పుడో చెప్పినట్టు, అదేదో గొప్ప అయినట్టు నడుచుకున్నాను. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చాను.

మీకు చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. కిందటి లోడు వెనక్కి వచ్చిన రోజునే పాత మెషీన్ల బ్రోకరుకు కబురు చేశాను. వచ్చి, కొలతలు తీసుకుని, పెదవి విరిచి వెళ్ళాడు. మళ్ళీ వస్తానన్నాడు.

ఇక పని. పాత ఫిల్ము చుట్ట ఒకటి మూలన ఉంటే తీసి బల్ల మీద పరిచాం. మీ అన్నయ్యగారు ఒక కొస, నేను ఒక కొస. చిల్లు కనబడినచోటల్లా సున్నా చుట్టాం. పరిచినంత మేరా సున్నాలు ఒకే గీత మీద, ఎడం కూడా ఒకటే. రోలరు చుట్టూ దారం చుట్టి తీసి, దాన్ని ఒక సున్నా మీంచి ఇంకో సున్నా మీదికి పెట్టాను. సరిగ్గా సరిపోయింది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

రోలరును చేత్తో మెల్లగా తిప్పుతూ తడిమాం. ఒకచోట బొబ్బ. కంటికి కనబడదు, వేలికి తెలుస్తుంది. కోసి చూస్తే లోపల రబ్బరు మాడి, అడుగున గాలి బుడగ ఉంది. కొత్త తొడుగు తెప్పించాం. సబ్బునీళ్ళు పూసి లాగితే గానీ ఎక్కలేదు, ఇద్దరికీ చేతులు బొబ్బలెక్కాయి. పూర్తిగా ఆరేదాకా మెషీన్ జోలికి పోలేదు.

నిన్న నడిపాం. షట్టరు దించి చూశాను. నిజం చెప్పనా, మొదట నిరాశ పడ్డాను. మెరుపుల్లేవు, కుచ్చుల్లేవు. ఈ కొస నుంచి ఆ కొసకు మసకమసకగా, పలచగా ఒకే తీరు వెలుగు. ఇన్నాళ్ళూ నేను మురిసిపోయింది జబ్బు చూసన్నమాట. అమ్మాయికి ఫోన్ చేసి, ఫోన్‌ను ట్రీటర్ దగ్గర పట్టుకున్నాను. కాసేపు విని, "ఇది మంచిదే అమ్మా," అంది. నాకూ వినబడింది, మెషీన్ ఎంత గోల పెడుతున్నా.

పరీక్ష పెన్ను గీత చక్కగా పరుచుకుంది. ఫిల్ము మొదలూ మధ్యా చివరా పరిచి చూశాం, దీపం ఎక్కడా గుచ్చుకోలేదు. లోడు ఈ పొద్దున వెళ్ళింది. ఉప్పాయన తన మనుషుల చేత సంచులు నింపించి, గోదాములో కాదు, వాన జల్లు కొట్టే వసారాలో పెట్టిస్తానన్నాడు. ఒక నెల పోయాక విప్పుతాడట. అప్పటిదాకా రోజూ ఆకాశం వైపు చూడటమే నా పని.

మీ వియ్యపురాలు


కాలేజీ నుంచి
ఆగస్టు నెల, మంగళవారం

వదినగారికి,

ఇక్కడ వాన పడితే మా ఇద్దరికీ నిద్ర పట్టడం లేదు. మీ అమ్మాయి కిటికీ దగ్గర నిలబడి, అక్కడ కూడా పడుతోందా అంటుంది. మా అబ్బాయి మమ్మల్నిద్దరినీ వింతగా చూస్తున్నాడు. అత్తాకోడళ్ళు కలిసి వానను తిట్టే ఇల్లు ఇదొక్కటే అన్నాడు.

ఈ ఏడు పిల్లలకు పాఠం మార్చి చెప్పాను. సూదీ పళ్ళెం చూపించాక, రబ్బరు పరిచి మళ్ళీ చూపించాను. ఇదే నియమం అని చెప్పడం మానేసి, ముందు మీ పళ్ళెం మీద ఏముందో అడగండి అన్నాను. వాళ్ళకు అర్థమైందో లేదో గానీ నాకు మాత్రం బాగా అర్థమైంది.

తొడుగు సరైనదే, వెలుగు సరైనదే, ఫిల్మును మీరే చూశారు. చదివినదాన్ని బట్టి కాదు, ఈసారి మీరు చూసినదాన్ని బట్టి నాకు ధైర్యంగా ఉంది. ఏ సంగతైనా సరే రాయండి. చెడ్డదైతే ముందు రాయండి.

మీ వదిన


వర్క్‌షాపు నుంచి
ఆగస్టు చివరి శనివారం

వదినా,

గారు తీసేశాను. కష్టకాలంలో తిట్టుకున్నాక ఇంకా ఎందుకది, బరువు తప్ప. మీరూ తీసేయండి.

నిన్న ఉప్పాయన వచ్చాడు. మెట్లు ఎక్కుతున్నప్పుడే మొహం చూద్దామనుకున్నాను గానీ గొడుగు అడ్డం వచ్చింది. సరిగ్గా ఆ వేళకే బ్రోకరు కూడా దిగాడు, అడ్వాన్సు చేతిలో పట్టుకుని. ఇద్దరినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టాల్సి వచ్చింది. నా పరిస్థితి ఊహించుకోండి.

ఉప్పాయన చేతిసంచీలోంచి మా సంచీ ఒకటి తీశాడు. బయటంతా బురద చారలు, వసారాలో నెలంతా తడిసింది. మూల కత్తిరించి నా బల్ల మీద వంచాడు. ఉప్పు జలజలా రాలింది. మీ అన్నయ్యగారు వేళ్ళతో నలిపి చూశారు. నేను నాలిక మీద వేసుకున్నాను, ఉప్పు ఉప్పగానే ఉంటుందని తెలిసినా.

"ఇంకో రెండు లోడ్లు పంపండి. పెద్ద సంచులు కూడా మీరే చేయాలి," అన్నాడు ఉప్పాయన.

బ్రోకరు అడ్వాన్సు తిరిగి జేబులో పెట్టుకుని, టీ తాగి వెళ్ళాడు. పాపం, ఆయన ముందు నేను అంత గట్టిగా నవ్వకుండా ఉండాల్సింది. ఆయన వెళ్ళాక బల్ల కింద కూర్చుని రాలిన ఉప్పు ఎత్తుతూ కాసేపు ఏడ్చాను. మీ అన్నయ్యగారు చూసి కూడా చూడనట్టు రంగులు కలుపుకుంటూ ఉండిపోయారు. అలాంటప్పుడే ఆ మనిషి నాకు నచ్చుతారు.

పెద్ద సంచులకు ఫిల్ము మందం ఎక్కువ. దాని కింద వెలుగు ఎలా మారుతుందో నాకు తెలియదు, మీకూ తెలియదనే అనుకుంటున్నాను. సెలవుల్లో వచ్చి పక్కన నిలబడండి. ఇద్దరం కలిసి చూద్దాం. ఈసారి పళ్ళెం మీద ఏముందో నేను ముందే చెబుతాను.

అమ్మాయి ఇప్పుడు రోజూ ఫోన్ చేస్తోంది. అంతా బాగుందని చెప్పడం మానేశాను. కొత్తలో నోరు తిరగలేదు గానీ అలవాటవుతోంది. ఈ పొద్దున వెనక రోలరు బేరింగు కీచుమంటోందని, అది పోతే మళ్ళీ పని ఆగుతుందని, నాకు భయంగా ఉందని, ఉన్నదున్నట్టు చెప్పాను. అమ్మేయమంటుందని కాచుకుని ఉన్నాను.

గ్రీజు పెట్టావా అమ్మా, అంది.

మీ వదిన